వాకపల్లికి జవాబు చెప్పని పోలీసు సంస్కరణ ఎవరి కోసం?



ఈ పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా తెల్లారకముందే లేచి గ్రౌండ్‌లో 1600 మీటర్లు పరిగెత్తుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదవండి. మీరు కానిస్టేబుల్ అవ్వాలనుకుంటున్నారు. అవ్వండి, నేను వద్దనను. ఏజెన్సీలో డిగ్రీ చేసినోడికి ఎన్ని దారులున్నాయో నాకూ తెలుసు, ఆ పట్టా ఫైల్లో పెట్టుకుని తిరిగినవాణ్ణే నేనూ. కానీ ఆ ఖాకీ బట్టలు కుట్టించుకునే ముందు ఒక తీర్పు గురించి తెలుసుకోండి. కోచింగ్ సెంటర్ కరెంట్ అఫైర్స్‌లో దాని మీద బిట్టు రాదు.

2023 ఏప్రిల్ 6. విశాఖపట్నంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రత్యేక కోర్టు. వాకపల్లి కేసులో విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులనూ ఆ రోజు నిర్దోషులుగా వదిలేశారు.

వాకపల్లి ఎక్కడో తెలియని వాళ్ళకి: జి.మాడుగుల మండలం, నుర్మతి పంచాయతీ. కోందు ఆదివాసుల ఊరు. 2007 ఆగస్టు 20న 21 మంది గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగ్ పేరుతో ఆ ఊరికి వచ్చారు. 11 మంది ఆడవాళ్ళు తమ మీద సామూహిక అత్యాచారం జరిగిందని కొండ దిగి పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు. చదువు లేని వాళ్ళు. వాళ్ళ ఇంటి భాష కువి, స్టేషన్లో మాట్లాడేది తెలుగు. అయినా వచ్చారు, చెప్పారు. ఆ తర్వాత పదహారేళ్ళు చెబుతూనే ఉన్నారు. ఊళ్ళో, సొంతవాళ్ళ దగ్గర కూడా మాటలు పడ్డారు. డబ్బులకోసమో, అన్నలు చెబితేనో అబద్ధమాడుతున్నారని అప్పట్లో అధికారంలో ఉన్నవాళ్ళు అన్నారు. కేసు దర్యాప్తు చేసిన పోలీసు విభాగం ఇది తప్పుడు ఫిర్యాదని మూసేయడానికి చూసింది. పాడేరు మేజిస్ట్రేటు దాన్ని ఒప్పుకోకుండా కేసు తీసుకోబట్టి అది బతికింది. తర్వాత హైకోర్టు, సుప్రీంకోర్టు. విచారణ మొదలయ్యేసరికి 2018 వచ్చింది. ఇన్నేళ్ళలో నిందితుల్లో ఒక్కరినీ అరెస్టు చేయలేదని మానవ హక్కుల వేదిక మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

చివరికి కోర్టు ఏమంది? ఆ ఆడవాళ్ళు అబద్ధం చెప్పారు అనలేదు. దర్యాప్తు అధికారులు చేయాల్సిన పని చేయలేదంది. నిందితుల్ని గుర్తించడానికి పెట్టాల్సిన ఐడెంటిఫికేషన్ పరేడ్ కూడా పెట్టలేదు. అందువల్ల ఎవరు చేశారో రుజువు కాలేదు, కాబట్టి వీళ్ళు నిర్దోషులు. అదే తీర్పులో, బాధిత మహిళలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఏమీ జరగలేదనుకుంటే కోర్టు పరిహారం ఎందుకిమ్మంటుంది? పరిహారానికి తగ్గది ఏదో జరిగింది. జరిగిందంటే ఎవరో చేసుండాలి. అది ఎవరో తేల్చే పని ఒకే శాఖ చేతిలో ఉంది, ఆ శాఖ చేయలేదు. ఐడెంటిఫికేషన్ పరేడ్ అనేది పెద్ద సైన్సేమీ కాదు. మన సంతలో కోడి దొంగతనం కేసులో కూడా పెడతారు. అనుమానితుల్ని వరసలో నిలబెట్టి చూపించడమే. 21 మంది ఎవరో శాఖకి తెలుసు. ఆ రోజు ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఏ దారిన ఎక్కారు, ఏ దారిన దిగారు, అన్నీ వాళ్ళ రికార్డుల్లోనే ఉంటాయి. పోలీసు మీద పోలీసు దర్యాప్తు చేస్తే ఏమవుద్దో పాఠం చెప్పడానికి ఇంతకంటే వేరే కేసు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

ఈ దేశంలో పోలీసు సంస్కరణ అనే చర్చ చాలా కాలంగా నడుస్తోంది. 1977లో జాతీయ పోలీసు కమిషన్ వేశారు, 1981 కల్లా అది ఎనిమిది రిపోర్టులు ఇచ్చింది. అవి బీరువాలోకి పోయాయి. డీజీపీగా పనిచేసి రిటైరైన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. గమనించండి, వాకపల్లికి పదకొండు నెలల ముందు. డీజీపీకి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలి. ఎస్పీకి, స్టేషన్ ఎస్‌హెచ్‌ఓకి కూడా రెండేళ్ళు. బదిలీలు చూసుకోవడానికి పోలీసు అధికారులతోనే ఒక బోర్డు. రాజకీయ ఒత్తిడి లేకుండా రాష్ట్ర భద్రతా కమిషన్. శాంతిభద్రతల పని వేరు, దర్యాప్తు పని వేరు చేయాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో కంప్లయింట్స్ అథారిటీ పెట్టాలి. ఏడోది కేంద్ర బలగాల పెద్దల ఎంపిక గురించి, దానితో మనకి పనిలేదు.

టీవీల్లో, పేపర్ ఎడిటోరియల్స్‌లో ఈ తీర్పు గురించి మాట్లాడేవాళ్ళని వినండి. దాదాపు అందరిదీ ఒకే బాధ: ముఖ్యమంత్రులు డీజీపీలని ఇష్టమొచ్చినట్టు మారుస్తున్నారు, ఎమ్మెల్యే చెబితే సీఐ బదిలీ అవుతున్నాడు, పోలీసులకి స్వేచ్ఛ లేదు. నిజమే కావచ్చు. కానీ అది ఎవరి కష్టం? స్టేషన్లో కుర్చీలో కూర్చునేవాడి కష్టం. కింద కూర్చునేవాడి కష్టం దాంట్లో ఎక్కడుంది? వాకపల్లి ఆడవాళ్ళకి ఏ డీజీపీ రెండేళ్ళున్నాడో, ఏ డీజీపీ ఆరు నెలలకే మారాడో దానితో ఏం సంబంధం?

నా మాట సూటిగా చెబుతాను, కొంతమంది పెద్దలకి నచ్చదు. జవాబు చెప్పే ఏర్పాటు లేకుండా పోలీసులకి స్వేచ్ఛ ఇవ్వడం మనకి లాభం కాదు, ప్రమాదం. ఇవాళ ఎస్ఐ కనీసం ఎమ్మెల్యేకి భయపడతాడు. మన సర్పంచ్ ఎమ్మెల్యే దగ్గరికి పోయి బతిమాలితే ఫోన్ కొట్టి ఒక కుర్రాణ్ణి విడిపిస్తాడు. అది గలీజు పద్ధతి, ఒప్పుకుంటా. ఓటుకి, కులానికి, డబ్బుకి లెక్కగట్టే పద్ధతి. కానీ దాన్ని తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోతే ఎస్ఐ ఎవరికి భయపడాలి? ఆ ఏడు ఆదేశాల్లో మనకి పనికొచ్చేవి రెండే: దర్యాప్తు వేరు చేయడం, కంప్లయింట్స్ అథారిటీ. రాష్ట్రాలన్నీ ఎక్కువ ఎగ్గొట్టింది కూడా వాటినే. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళ తర్వాత, 2021లో, కంప్లయింట్స్ అథారిటీకి ఒక ఛైర్మన్‌ని వేశారు. ఆ నియామకం కూడా హైకోర్టులో ఆగిపోయింది. మీలో ఎంతమందికి మీ జిల్లా కంప్లయింట్స్ అథారిటీ ఆఫీసు ఎక్కడుందో తెలుసు? కలెక్టర్ ఆఫీసులో అడిగి చూడండి, వాళ్ళ మొహం చూస్తే మీకే అర్థమవుద్ది.

ఇంకో సంగతి. పోలీసుని మార్చాలి అన్నప్పుడల్లా బ్రిటిష్ వాళ్ళ 1861 చట్టం అని చెబుతారు. మన ఆంధ్ర ప్రాంతంలో దానికంటే పాతది, 1859 నాటి మద్రాస్ జిల్లా పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు తర్వాత జనాన్ని అదుపులో పెట్టడానికి రాసుకున్న కాగితం. ఏజెన్సీకి స్టేషన్ వచ్చింది కూడా మనల్ని కాపాడ్డానికి కాదు. కల్లు మీద పన్నుకి, మన్సబుదారు దోపిడీకి, ముత్తాదార్లని అణచడానికి అండగా వచ్చింది. 1879లో రంప తిరగబడింది అందుకే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర వాళ్ళతో నడిచిన మనవాళ్ళు ముందు ఎక్కడికి పోయారో చూశారా? ఖజానాకి పోలేదు, తాసిల్దారు బంగ్లాకి పోలేదు. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, ఆగస్టులో దండలు వేస్తున్నాం, దండ వేసేవాళ్ళలో ముందు వరసలో పోలీసు అధికారులే ఉంటారు. నాకు దీని మీద కోపం లేదు, నవ్వొస్తది అంతే.

ఆయుధాలు ఎత్తమని నేను చెప్పడం లేదు. ఈ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఎవరికో పంపే అన్నయ్యలు ఈ లైను కూడా కలిపి పంపండి.

చట్టం మారితే చాలు అనుకునే లా స్టూడెంట్స్ మన పేజీలో ఉన్నారు. వాళ్ళకి మథుర కేసు తెలిసే ఉంటుంది. 1972 మార్చిలో, మహారాష్ట్రలో ఇప్పటి గడ్చిరోలి జిల్లా దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు. సుప్రీంకోర్టు వాళ్ళని వదిలేసింది. ఒంటి మీద గాయాల్లేవు, ప్రతిఘటించలేదు అంది. దాని మీద దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కితే 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారానికి వేరే శిక్ష, తనకి ఇష్టం లేదని బాధితురాలు చెబితే కోర్టు అలాగే భావించాలన్న నిబంధన, అన్నీ ఆ ఆదివాసీ అమ్మాయి కష్టంలోంచి పుట్టినవే. ఈ దేశంలోని ఆడవాళ్ళందరికీ పనికొచ్చాయి, మంచిదే. అవే నిబంధనలు పుస్తకంలో ఉండగానే వాకపల్లి జరిగింది, అవి పుస్తకంలోనే ఉండిపోయాయి. ఎందుకంటే చట్టం కోర్టులో పనిచేయాలంటే ముందు స్టేషన్ గుమ్మం దాటి రావాలి.

ఎస్సీ, ఎస్టీ చట్టంలో సెక్షన్ 4 అని ఒకటుంది. కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు. ఎఫ్ఐఆర్ రాయకపోయినా, సరిగ్గా దర్యాప్తు చేయకపోయినా ఇది వర్తిస్తుంది. కానీ రెండు మెలికలు. ఒకటి, శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు వస్తేనే కేసు. మళ్ళీ అదే శాఖ. రెండోది, ఈ సెక్షన్ ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగులకే. రేపు ఖాకీ వేసుకోబోతున్న తమ్ముళ్ళు ఈ రెండో మెలిక గుర్తుపెట్టుకోండి. మన కేసుల దర్యాప్తు మనవాళ్ళ చేతుల్లో పెడితే ఎవరికి సుఖమో దీనివల్ల తెలుస్తుంది.

ఎన్‌కౌంటర్ల గురించి కూడా చెప్పాలి, క్లుప్తంగా. 2009 ఫిబ్రవరి 6న మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి ఒక గొప్ప మాట చెప్పింది. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే హత్య కేసుగానే ఎఫ్ఐఆర్ రాయాలి, ఆత్మరక్షణ అయితే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి అంది. పౌరహక్కుల సంఘం వేసిన కేసు అది, బాలగోపాల్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి వాదించిన విషయం. దాని మీద సుప్రీంకోర్టులో స్టే వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు తనే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత ఐదేళ్ళకి, 2019 డిసెంబర్ 6న, చటాన్‌పల్లి దగ్గర దిశ కేసు నిందితులు నలుగుర్ని కాల్చేశారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మనవాళ్ళు కూడా జై తెలంగాణ పోలీస్ అని స్టేటస్‌లు పెట్టారు, నేను చూశాను. 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ రిపోర్టు బయటికి వచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదు, పది మంది మీద హత్య కేసు నడపాలి అని. అప్పుడు ఎవరూ స్టేటస్ పెట్టలేదు. మిత్రులారా, హైదరాబాద్ హైవే మీద చప్పట్లు కొట్టించుకున్న తుపాకీయే అడవిలోకి వస్తది. సారకేగూడలో 2012 జూన్‌లో 17 మందిని చంపి మావోయిస్టులన్నారు, వాళ్ళు మావోయిస్టులనడానికి ఆధారం లేదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. విత్తనాల పండగ గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న జనం వాళ్ళు. కమిషన్లు వస్తాయి, రిపోర్టులు వస్తాయి. శిక్ష ఎక్కడ?

సరే, ఇవన్నీ పెద్ద కేసులు, అరుదుగా జరిగేవి అంటారా? అయితే రోజూ జరిగేది చూద్దాం. గంజాయి.

మన జిల్లాలో ఏ ఊరు తీసుకున్నా ఒక ఇంట్లో గంజాయి కేసు ఉంది. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని పెట్టి వేల ఎకరాల్లో తోటలు నరికారు. నరకనీ, నేను గంజాయికి వకాల్తా తీసుకోను. అది మన పిల్లల్ని తినేస్తోంది. కానీ జైల్లో ఎవరున్నారు? సరుకు కొన్న సేటు లేడు, లారీ ఓనరు లేడు. బరువు మోసిన కూలోడున్నాడు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్ళు. సెక్షన్ 37 కింద బెయిల్ రావడం మహా కష్టం. ఛార్జిషీటుకి 180 రోజులు టైముంది. మూట ఎత్తి ఘాట్ దాకా మోసిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి, మూట పంపిన వ్యాపారికి చట్టం దృష్టిలో తేడా లేదు. తేడా ఒక్కటే, వ్యాపారి దొరకడు.

మా పిన్ని కొడుకు సంగతి చెబుతాను. ఊరి పేరు, స్టేషన్ పేరు వద్దులే. సంతకి పోయినోడు రాత్రికి రాలేదు. మర్నాడు పిన్ని, నేను స్టేషన్‌కి పోతే మా దగ్గర అలాంటోడు ఎవడూ లేడన్నారు. ఇంకో స్టేషన్‌కి పోయాం, అక్కడా అదే. మూడో రోజు వాట్సాప్ గ్రూపులో ప్రెస్ మీట్ ఫొటో వచ్చింది. బల్ల మీద ప్యాకెట్లు, వెనక అధికారులు, ముందు ముసుగులేసిన నలుగురు. మొహం కనపడదు కదా. పిన్ని చొక్కా చూసి గుర్తుపట్టింది, కుట్టు ఊడిపోతే జేబు దగ్గర తను వేసిన నల్ల దారం చూసి. కాగితం మీద అరెస్టు తేదీ ఆ ఫొటో ముందు రోజుది. మరి అంతకుముందు ఒకటిన్నర రోజు వాడెక్కడున్నాడు? వాడు మోశాడా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది, నేను వాణ్ణి వెనకేసుకు రావడం లేదు. అరెస్టు చేసినప్పుడు ఇంట్లోవాళ్ళకి చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇది 1996 డి.కె.బసు తీర్పు నుంచి, ఇప్పుడు 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ దాకా అన్నింట్లో ఉంది. స్టేషన్లో సీసీ కెమెరా ఫుటేజీ ఇమ్మని మా లాయరు అడిగితే కెమెరా పనిచేయలేదన్నారు.

ఆ కెమెరా కూడా సుప్రీంకోర్టు పెట్టమన్నదే. 2020 డిసెంబర్ 2న పరంవీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి పోలీస్ స్టేషన్లో గేటు, లాకప్, వరండా, ఎస్ఐ గది అన్నీ కనపడేలా, శబ్దం కూడా రికార్డయ్యేలా పెట్టమంది. రికార్డింగు 18 నెలలు దాచాలంది. ఐదేళ్ళయినా కెమెరాలు పనిచేయట్లేదని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే సుమోటోగా మళ్ళీ కేసు తీసుకుంది. సంతలో బంగాళాదుంపలు అమ్మేవాడి కొట్లో కెమెరా పనిచేస్తది, బస్టాండులో పనిచేస్తది, స్టేషన్లోనే ఎందుకు పాడవుద్దో మీరే చెప్పండి.

ఇప్పుడు మీరడిగే ప్రశ్నలకి వస్తాను.

“అన్నా, పోలీసులు మన ఊరికి మెడికల్ క్యాంపులు పెడుతున్నారు, వాలీబాల్ టోర్నమెంట్లు పెడుతున్నారు, ఉద్యోగ మేళాలు పెడుతున్నారు, మారారు కదా?” నాకు వాలీబాల్ ఇష్టమే, మా టీమ్ కూడా ఆ కిట్టుతోనే ఆడింది. కానీ డాక్టరుని పంపాల్సింది ఆరోగ్య శాఖ. ఆట సామాను ఇవ్వాల్సింది క్రీడా శాఖ. ఉద్యోగాలు చూపించాల్సింది ఐటీడీఏ. ఈ పనులన్నీ పోలీసు చేస్తున్నాడంటే మిగతా ప్రభుత్వం మన ఊరికి రావడం మానేసిందని అర్థం. పోలీసు మనకి బాకీ ఉన్నది నెట్టూ, బంతీ కాదు. ఎఫ్ఐఆర్ కాపీ. అది అడిగితే ఎంత నవ్వుతూ ఇస్తారో అప్పుడు చూద్దాం మారారో లేదో.

“మనవాళ్ళే పోలీసులైతే?” దీనికి జవాబు బస్తర్‌లో ఉంది. అక్కడ ముందు ఎస్‌పీఓలని పెట్టారు, ఆదివాసీ కుర్రాళ్ళనే. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. డీఆర్‌జీ అని కూడా పెట్టారు, మళ్ళీ ఆదివాసీ కుర్రాళ్ళే. చంపేవాడిదీ, చచ్చేవాడిదీ ఒకే ఇంటిపేరు. స్టేషన్లో కువి, కోయ, గోండి తెలిసిన మనిషి ఉండడం మంచిదే. వాకపల్లి అక్కల మాట వాళ్ళ భాషలోనే రాసుకునేవాడు ఆ రోజు ఉండుంటే కేసు కొంత గట్టిగా ఉండేదేమో. కానీ మనోడు కానిస్టేబులే అవుతాడు, ఐడెంటిఫికేషన్ పరేడ్ పెట్టాలా వద్దా అనేది కానిస్టేబుల్ నిర్ణయించడు. మీరు ఉద్యోగంలో చేరండి. చేరినప్పుడు మీ మీద ఉన్న అధికారి తప్పుడు ఆర్డరిస్తే కాదనే హక్కు మీకు కావాలి కదా? దానికి రక్షణ కావాలి కదా? ఎనిమిది గంటల డ్యూటీ, వారానికి ఒక సెలవు, ఆర్డర్లీ చాకిరీ నుంచి విముక్తి కావాలి కదా? అవి కూడా సంస్కరణే. పోలీసు మనిషి అలసిపోయి ఇంట్లో పడాల్సిన కోపం లాకప్‌లో చూపిస్తాడు.

“అన్నలు చేసిన దాని సంగతేంటి?” అడగాల్సిన ప్రశ్నే. ఇన్‌ఫార్మర్ అని రాత్రిపూట లేపి తీసుకెళ్ళి చంపిన వాళ్ళలో చాలామంది ఆదివాసులే. 2018 సెప్టెంబర్ 23న లివిటిపుట్టు దగ్గర చంపేసిన కిడారి సర్వేశ్వరరావు, సివేరి సోమ ఇద్దరూ మన బిడ్డలే. ఆ హత్యల్ని సమర్థించేవాడికి ఈ పేజీలో చోటు లేదు. అయితే ఒక తేడా ఉంది. అన్నలు నాకు రాజ్యాంగం మీద ప్రమాణం చేయలేదు. వాళ్ళకి నా పన్నుతో జీతం లేదు. పోలీసుకి రెండూ ఉన్నాయి. 2026 మార్చి 31 కల్లా మావోయిస్టులుండరని కేంద్రం గడువు పెట్టుకుంది. ఇన్నేళ్ళూ మన మీద పెట్టిన ప్రతి ఆంక్షకీ చూపించిన కారణం అదే కదా. కారణం పోయాక కూడా చెక్‌పోస్టులో ఫోన్ లాక్కుని వాట్సాప్ చూడడం, బైండోవర్ పేరుతో సంత రోజు స్టేషన్‌కి పిలిపించి సంతకాలు పెట్టించడం ఎందుకుండాలి? ఈ ప్రశ్న మనం ఇప్పుడే గట్టిగా అడగాలి. ఇప్పుడు అడగకపోతే వాటికి ఇంకో పేరు పెడతారు.

మరి మనం ఏం అడగాలి? హైదరాబాద్‌లో, విజయవాడలో జరిగే సెమినార్ల డిమాండ్లు మనకి సరిపోవు. పోలీసు మీద ఫిర్యాదు వస్తే ఆ జిల్లా పోలీసు దాన్ని ముట్టుకోకూడదు. కంప్లయింట్స్ అథారిటీకి సొంత దర్యాప్తు సిబ్బంది ఉండాలి, రిటైరైన ఎస్పీల పునరావాస కేంద్రం కాకూడదు. అది చెప్పింది శాఖ పాటించి తీరాలి. అందులో ఆదివాసీ మహిళ ఉండాలి, ఫిర్యాదు మన భాషలో తీసుకోవాలి, పాడేరులో, ఏటూరునాగారంలో, ఉట్నూరులో కూర్చోవాలి. ఐదో షెడ్యూల్ కింద ఏ చట్టాన్నయినా షెడ్యూల్డ్ ప్రాంతానికి తగ్గట్టు మార్చే అధికారం గవర్నర్‌కి ఉంది. అంటే అసెంబ్లీ కోసం ఆగక్కర్లేదు. మధ్యప్రదేశ్ 2022 నవంబర్‌లో తెచ్చిన పెసా నిబంధనల్లో, ఆ ఊరికి సంబంధించి పోలీసులు ఎఫ్ఐఆర్ రాస్తే గ్రామసభ శాంతి కమిటీకి తెలియజేయాలని పెట్టారు. అక్కడ ఎంతవరకు అమలవుతుందో అది వేరే గొడవ. కాగితం మీదైనా వచ్చింది కదా. మన దగ్గర 2011 పెసా నిబంధనలున్నాయి. ఊళ్ళోంచి మనిషిని తీసుకెళ్తే గ్రామసభకి ఎవరు, ఎక్కడికి, ఏ కేసులో అని మూడు ముక్కలు రాసివ్వాలని వాటిలో చేర్చమందాం. మా పిన్ని నల్ల దారం చూసి కొడుకుని గుర్తుపట్టే పరిస్థితి ఉండకూడదు.

వాకపల్లి విషయంలో ఒకటే అడుగుదాం. దర్యాప్తు చేయలేదని కోర్టు తప్పుపట్టిన అధికారుల మీద ఏం చర్య తీసుకున్నారు? వాళ్ళకి ఏ ప్రమోషన్లు వచ్చాయి, పెన్షన్ ఎంత వస్తోంది? సమాచార హక్కు కింద దరఖాస్తు పది రూపాయలే. మండలానికి ఒకరు వేయండి. ఒకేలాంటి కాగితం ఇరవై మండలాల నుంచి పోతే పక్కన పడేయడం కష్టం. నమూనా కావాలంటే మెసేజ్ పెట్టండి, పంపుతాను.

అది జరిగేలోపు ఇంట్లో అమ్మానాన్నలకి ఈ నాలుగు మాటలు మన భాషలో చెప్పి ఉంచండి. ఎవరినైనా తీసుకెళ్తే వచ్చిన బండి నంబరు, టైము గోడ మీద బొగ్గుతోనైనా రాయండి. సాక్షిగా మాట్లాడాలని ఆడవాళ్ళని, పదిహేనేళ్ళలోపు పిల్లల్ని, అరవై దాటిన ముసలోళ్ళని స్టేషన్‌కి పిలవకూడదు, పోలీసే ఇంటికి రావాలి. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. ఎస్టీలకి లాయరు ఉచితం, ఆదాయంతో పనిలేదు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. మీ ఫోన్లో సేవ్ చేసుకోండి, మీ ఊరి ఆశా కార్యకర్త ఫోన్లో కూడా చేయించండి, ఎందుకంటే సిగ్నల్ ఎక్కడ దొరుకుద్దో ఊళ్ళో ఆవిడకే బాగా తెలుసు.